తడి విభూతి, అక్క లాప్‌టాప్

రేపు దసరా. చెన్నబసప్ప తాత పప్పుల దుకాణంలో తరాజుకు, తూకం రాళ్లకు పొద్దున్నే స్నానమైంది. తాత తడి విభూతిలో మూడు వేళ్లు అద్ది, ఒక్కొక్కదానికి మూడు గీతలు పెడుతున్నాడు. ఏడాదంతా అన్నం పెట్టే పనిముట్టుకు ఒక్కనాడు దండం పెట్టడం చౌక బేరమే.

మనవరాలు స్నిగ్ధకు తొమ్మిదేళ్లు. దుకాణం వెనకే ఇల్లు. లోపల సుష్మక్క లాప్‌టాప్ తెరిచి ఉంది. డిగ్రీ చదివే అక్కకు ఇదే కదా పనిముట్టు అనుకుంది స్నిగ్ధ. తెర మీద మూడు గీతలు గీసింది.

గీతలు కారి ఆరాక తెరంతా తెల్లగా మసకబారింది. దుకాణం అద్దాలు తుడిచే నీలం మందు తెచ్చి బుస్సున కొట్టింది. గోనెగుడ్డతో గట్టిగా రుద్దింది. మందు కారి తెర అడుగు సందులోకి దిగింది. ఒక మూల నల్లబడి మినుకుమంది.

సెలవులయ్యాక అక్క ఇవ్వాల్సిన ప్రాజెక్టు అందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు.

మూత వేసి పోతే ఈ పూటకు తిట్లు తప్పుతాయి. తెలియక అక్క అట్లాగే వాడితే ఆరు నెలల కష్టం పోతుంది. ఎటు తిప్పి తూచినా బరువు ఒకవైపే ఉంది.

వంటింట్లోకి పరుగెత్తింది. ఏం పూసిందో, ఏం కొట్టిందో దాచకుండా చెప్పింది.

అక్క ముఖం పాలిపోయింది. పరుగున వచ్చి ఛార్జర్ పీకింది. బటన్ నొక్కిపట్టి ఆపింది. లాప్‌టాప్‌ను గుడారంలా బోర్లించి ఫ్యాన్ కింద పెట్టింది.

"పాడైతదా అక్కా?"

"ఏమో. రెండు దినాలు ముట్టొద్దు. జర ఆలస్యంగ చెప్పినా ఖతమైతుండె."

పండుగనాడు స్నిగ్ధకు బూరెలు రుచించలేదు. అక్కే పక్కన కూర్చుని తల దువ్వింది. తెర దుకాణం అద్దంలాంటిది కాదనీ, పైన పలుచని పొర ఉంటుందనీ, దాని మీద ఏదీ చల్లకూడదనీ చెప్పింది. మెత్తటి పొడిగుడ్డ చాలు. మరక పోకపోతే గుడ్డ కొసను కాస్త తడపాలి, తెరను కాదు.

తాత గుమ్మంలో నిలబడి విన్నాడు. "తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా. పూజ నేర్పిన గని, గీ సంగతి నేర్పకపోతి."

మూడోనాడు తెర వెలిగింది. ప్రాజెక్టు భద్రంగా ఉంది. అక్క ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. తెర మూలన సన్నని గీత మాత్రం ఉండిపోయింది. మసక మరకలూ ఉన్నాయి. అక్క తన కళ్లద్దాల గుడ్డ తీసి స్నిగ్ధకు ఇచ్చింది.

"నువ్వే తుడువు."

స్నిగ్ధ వెంటనే తుడవలేదు. అక్కతో లాప్‌టాప్ ఆపించింది. ఛార్జర్ తీసింది. గుడ్డ దులిపి, వెలుతురులో పట్టి, ఒక్క ఇసుక రేణువూ లేదని చూసుకుంది. అప్పుడు, నిద్రపోయే చంటిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా చెయ్యి కదిపింది.