అడగకుండా ముట్టుకోవద్దు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తయ్య, అందరికంటే ఆఖరున లేచేది కంప్యూటర్. వీధివైపు గదిలో ఉన్న ఫొటో స్టూడియోలోకి వెళ్ళి మామయ్య దాని బటన్ నొక్కేవారు. అది మూలిగి, ముక్కి, కళ్ళు తెరిచేలోపు వంటింట్లోకి వచ్చి టీ తాగి, పేపరు రెండు పేజీలు తిరగేసి, అత్తయ్యతో ఓ చిన్న పోట్లాట కూడా ముగించుకుని వెళ్ళేవారు. కొన్నేళ్ళుగా ఇదే వరస.

ఆ రోజు మాత్రం టీ గ్లాసు పట్టుకుని స్టూడియో గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల కోడలు స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా పక్క తలుపు ఊడదీసిన కంప్యూటర్ డబ్బా.

"పందెం గుర్తుంది కదా అమ్మాయ్? సాయంత్రం అయిదింటికి కళ్ళజోళ్ళ షాపాయన గది చూడ్డానికి వస్తాడు."

"గుర్తుంది మామయ్యా. ఆలోపు ఇది పరిగెత్తితే స్టూడియో తాళంచెవి నాది."

"లేకపోతే?"

"లేకపోతే గది ఆయనది. నేను మళ్ళీ నోరెత్తను."

ముప్ఫయ్యేళ్ళుగా ఆ గదిలో ఊళ్ళో సగం మందిని నవ్వించి ఫొటోలు తీసిన మనిషి ఆయన. ఇప్పుడు అందరి చేతుల్లోనూ కెమెరాలే. దానికితోడు మెషీన్ ముసలిదై ఒక్క ఫొటో తెరవడానికి పూట గడుపుతోంది. మూసేసి గది అద్దెకిచ్చేద్దామని తేల్చేశారు. పెళ్ళికి ముందు ఫొటో ల్యాబ్‌లో పనిచేసిన కోడలికి మాత్రం ప్రాణం ఒప్పుకోలేదు. "తీసేది ఫోనైనా, నిలబెట్టి నవ్వించడానికి మనిషి కావాలి కదా మామయ్యా" అని నెల రోజులు వెంటపడి ఈ రెండు రోజుల గడువు సంపాదించుకుంది.

డబ్బాలో రెండు పాత హార్డ్ డిస్కులు ఉండేవి. ఒకటి మెషీన్‌తో పాటు వచ్చిన చిన్నది, రెండోది తర్వాతెప్పుడో తగిలించిన పెద్దది. ఫొటోలూ, ప్రోగ్రాములూ అన్నీ పెద్దదాంట్లోనే ఉన్నాయి. నిన్నంతా కూర్చుని దాన్ని ఉన్నదున్నట్టు, వేగంగా పనిచేస్తుందని కొనుక్కొచ్చిన కొత్త డిస్క్‌లోకి ఎక్కించింది. చిన్నదాంట్లో వెతికితే నాలుగు పాత ఆటలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇవాళ రెండింటినీ ఊడదీసి కిటికీ గట్టు మీద పెట్టి, కొత్తదాన్ని బిగించింది.

బటన్ నొక్కేముందు చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్ళింది. అత్తయ్య పై అరలోంచి బిస్కెట్ల డబ్బా దింపి, రెండు తీసి చేతిలో పెట్టింది. డబ్బా మీద గుండ్రటి అక్షరాలతో 'నన్ను అడగకుండా ముట్టుకోవద్దు' అని చీటీ. షుగర్ ఉన్న మామయ్య కోసం అత్తయ్య పెట్టిన కట్టడి అని కోడలికి తెలుసు.

"తిని వెళ్ళవే. ఖాళీ కడుపుతో మెషీన్లు బాగుపడవు" అంది అత్తయ్య.

నిండు కడుపుతోనూ బాగుపడలేదు. బటన్ నొక్కగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల వరస ఒకటి వచ్చింది. మొదలుపెట్టడానికి ఏ డిస్కూ దొరకలేదట! కోడలు కేబుల్ ఊడదీసి మళ్ళీ గుచ్చింది. అదే వరస. కేబుల్ మార్చింది, గుచ్చే చోటు మార్చింది. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే కొత్త డిస్క్ పేరు నిక్షేపంలా కనిపిస్తోంది. దాన్నే ముందు పిలవమని వరస కూడా మార్చింది. అయినా అదే పాట.

'పోనీ, పాతదే పెట్టి చూద్దాం' అనుకుని పెద్ద డిస్క్ తగిలించింది. నిన్నటిదాకా లేచిన డిస్క్. అదీ లేవలేదు.

కొత్తది రాకపోతే పోయింది, ఉన్నదాన్ని కూడా పాడుచేశానా? మధ్యాహ్నం రెండయింది. అన్నానికి పిలిచినా కదల్లేదు.

మూడు దాటాక మామయ్య లోపలికొచ్చారు. నల్లటి తెర చూశారు. కిటికీ గట్టు మీద చిన్న డిస్క్ చూశారు. మొహం ఎర్రబడింది.

"దాన్నెందుకు తీశావ్?"

"అందులో ఏమీ లేదు మామయ్యా..."

"దాన్ని ముట్టుకోవద్దని నా చేత్తో చీటీ రాసి అంటించాను! అది చూసి కూడా పీకేశావంటే ఏమిటర్థం? ముసలాడి రాతే కదా, ఎవడికి లెక్క అనే కదా?"

"చీటీయా? దాని మీద ఏ చీటీ లేదు మామయ్యా."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"మరి నేను చెబుతున్నానా?" కోడలు తలెత్తింది. "ఈ గదిలో మీరు చెప్పకుండా పెన్ను కూడా జరపలేదు. పందెం ఓడిపోయానంటే ఒప్పుకుంటాను. మీ మాట తోసేశానంటే మాత్రం ఒప్పుకోను."

"ఒప్పుకోకు. అయిదింటికి ఆయన రాగానే గదికి మాటిచ్చేస్తాను."

కోడలు తల దించుకుంది. గది పోతున్నందుకు బాధే. కానీ తనను లెక్కలేని మనిషి అనుకున్నందుకు అంతకు పదింతలు బాధగా ఉంది. కళ్ళనీళ్ళు స్క్రూడ్రైవర్ మీద పడ్డాయి.

గుమ్మంలో చప్పుడైంది. అత్తయ్య బిస్కెట్ల డబ్బాను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడింది.

"ఏమండీ... ఆ చీటీ ఇదేనా?"

మామయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. చూశారు. మళ్ళీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నా చీటీ దీని మీదకెలా వచ్చింది?"

"వేడెక్కుతుందని మీరు ఆ కంప్యూటర్ డబ్బా తలుపు బార్లా తీసి పెడతారు కదా. పోయిన నెల దుమ్ము దులుపుతుంటే ఇది రాలి అడుగున పడుంది. ముత్యాల్లాంటి అక్షరాలు, పారేయడానికి చేతులు రాలేదు. దేనికైనా పనికొస్తుందని చూస్తే ఈ డబ్బా కనిపించింది."

"నెల రోజుల నుంచి నా చీటీ నాకే అడ్డం పెట్టావా!"

"మరి మీరు చూళ్ళేదా?"

"రాత్రిళ్ళు లైటేసి, కళ్ళజోడు పెట్టుకుని వంటింట్లోకొస్తే నీకు అనుమానం వస్తుందని చీకట్లో తడుముకుంటూనే తీసుకునేవాణ్ణి" అని, అన్నాక నాలుక్కరుచుకున్నారు.

"అమ్మమ్మా! తీస్తున్నారన్నమాట! నేనింకా ఎలకలనుకుని బోను కూడా కొనుక్కొచ్చాను!"

ఏడుస్తున్న కోడలికి నవ్వాగలేదు. ఆమెను చూసి అత్తయ్య, అత్తయ్యను చూసి మామయ్య నవ్వేశారు. కాసేపటికి ఆయన నవ్వు ఆపి, కోడలి ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"నిన్ను ఒక్క మాట అడక్కుండా నోరు పారేసుకున్నాను తల్లీ. తప్పు నాది."

"అయ్యో, అదేం మాట మామయ్యా! నేనూ మిమ్మల్ని అడగాల్సింది. అసలు ఆ చీటీ ఎందుకు రాశారు?"

"పెద్ద డిస్క్ తగిలించిన రోజు మెకానిక్ చెప్పాడు, చిన్నదాన్ని తీస్తే మెషీన్ లేవదని. ఎందుకో నాకు తెలీదు. తెలీదని చెప్పుకోవడం నామోషీ. అందుకే చీటీ అంటించి ఊరుకున్నాను."

కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మామయ్యా! సామానంతా పెద్దదాంట్లోనే ఉంది. కానీ మెషీన్‌ని నిద్ర లేపే ఫైళ్ళు మాత్రం చిన్నదాంట్లోనే ఉండిపోయాయి! నేను ఇల్లంతా కొత్తచోటికి మోసి, తలుపు పాతచోటే వదిలేసి వచ్చాను."

ముందు పాత డిస్కులు రెండూ కలిపి తగిలించింది. మెషీన్ ఎప్పట్లాగే మూలుగుతూ లేచింది. ఏదీ పాడవలేదు! తర్వాత రెండింటినీ మళ్ళీ తీసి, కొత్తదాన్ని పెట్టి, పెన్ డ్రైవ్ గుచ్చి నిద్ర లేపే ఫైళ్ళను కొత్త డిస్క్ లోనే రాయించింది. నాలుగున్నర అయింది. పెన్ డ్రైవ్ తీసేసి, "మామయ్యా, బటన్ మీరే నొక్కండి" అంది.

ఆయన నొక్కి, అలవాటు కొద్దీ టీ కోసం లేచారు. గుమ్మం దాటకముందే వెనక టింగుమంది. తిరిగి చూస్తే తెర నిండా వెలుగు.

"ఓసినీ! టీ తాగడానికి కూడా టైమివ్వదా ఇది?"

"పోట్లాటకీ ఇవ్వదు. పీడా పోయింది" అంది అత్తయ్య.

సరిగ్గా అయిదింటికి కళ్ళజోళ్ళ షాపాయన వచ్చాడు.

"గది ఖాళీ లేదండీ" అన్నారు మామయ్య.

"అదేంటండీ, నిన్న ఉందన్నారు?"

"నిన్న ఉంది. ఇవాళ మా కోడలు దిగింది. ఎలాగూ వచ్చారు, ఒక ఫొటో దిగి వెళ్ళండి. అమ్మాయ్, ఈయన్ని నవ్వించు చూద్దాం!"

ఆమె ఎలకల బోను కథ చెప్పింది. ఆయన నవ్విన నవ్వుకి మంచి ఫొటో వచ్చింది.

ఆయన్ని సాగనంపి వచ్చి, డబ్బా పక్క తలుపు బిగించబోతూ కోడలు ఆగిపోయింది. కొత్త డిస్క్ మీద తెల్ల చీటీ. అంచుల్లో బంక ఇంకా తడిగానే ఉంది. దాని పక్కనే స్టూడియో తాళంచెవి. చీటీ మీద అవే గుండ్రటి అక్షరాలు.

'మా కోడలిని అడగకుండా ముట్టుకోవద్దు.'

కళ్ళు చెమర్చి అక్షరాలు అలుక్కుపోయాయి. తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది. ఆ వెంటనే మామయ్య గొంతు గట్టిగా వినిపించింది. "అమ్మాయ్! అడిగే తీస్తున్నాను. ఒకటి తినొచ్చా?"

కోడలు కళ్ళు తుడుచుకుని నవ్వుతూ కేకేసింది. "ఒక్కటే మామయ్యా!"