రెండోసారి చాచిన చెయ్యి

నాగరికత మొత్తం ఒక ఖాళీ పంక్తి మీద ఆధారపడి నిలిచి ఉన్నది. సామ్రాజ్యాల చరిత్ర రాసినవారు ఈ సంగతిని ఉపేక్షించారు. ఖాళీ పంక్తిలో వారికి చదవడానికి ఏమీ కనిపించకపోవడమే అందుకు కారణం. ఒక యంత్రం మరో యంత్రం తలుపు తట్టేటప్పుడు తానెవరో, ఎందుకొచ్చిందో, ఏ పద్ధతిలో మాట్లాడదలచిందో వరసగా పంక్తులు పంపి, చిట్టచివర ఏమీ లేని ఒక పంక్తి పంపుతుంది. అది అందేదాకా అవతలి యంత్రం నోరు విప్పరాదు. ఎదుటివాడు మాట ముగించేదాకా ఆగే మర్యాద మనుషుల్లో ఏనాడో అంతరించింది. యంత్రాల్లో ఇంకా మిగిలి ఉంది.

మదనపల్లె టమాటా యార్డులో, ఒక మండీ పైఅంతస్తు గదిలో కూర్చుని, ఏజెంట్ మునికుమార్ ఆ ఖాళీ పంక్తి కోసం చూస్తున్నాడు. రాకూడదని మనసులో మొక్కుకుంటున్నాడు.

పొద్దు గుంకింది. వచ్చింది.

తెర మీద ఒక్కొక్క పంక్తే దిగింది. 'గెట్' అనే అభ్యర్థన. 'అప్‌గ్రేడ్: వెబ్‌సాకెట్', అనగా ఒక ప్రశ్నతో, ఒక జవాబుతో సరిపెట్టక తలుపు తెరిచే ఉంచమనే వేడుకోలు. ఆ క్షణానికే పుట్టిన ఒక కీ, అనగా అర్థం లేని అక్షరాల గుత్తి. చివరన, అడుగుతున్నవాడి గుర్తు: 'పొట్టి గిత్త'. ఆ తరువాత ఖాళీ.

పొట్టి గిత్త అనేది ఏజెంట్ గంగులప్ప రహస్యనామం. ఆరడుగుల మనిషికి ఆ పేరు పెట్టడంలో గూఢచారి విభాగం తన హాస్యచతురత యావత్తూ ఖర్చు చేసింది. కుప్పం రోడ్డులో ఒక గ్రానైటు లారీ ఆయన జీపును గుద్దింది. జీపు కాలిపోయింది. ఎల్లుండికి ఏడాది.

మునికుమార్ పక్క కుర్చీ వైపు చూశాడు. దాని వీపు మీద గంగులప్ప టవల్ అలాగే వేలాడుతున్నది. దాన్ని ఉతకడానికి గానీ తీయడానికి గానీ ఇంతవరకు ఎవరికీ చేతులు రాలేదు.

అభ్యర్థనకు అతడు అవుననలేదు, కాదనలేదు. వారం రోజులుగా ఆ గుర్తు వచ్చినప్పుడల్లా జవాబును బిగపట్టి ఉంచుతున్నాడు. అవతల ఎవరో వేచి వేచి, చీకటి పడ్డాక వెళ్ళిపోతున్నారు.

విభాగాధిపతి రామమూర్తి ఆ సాయంత్రమే హమాలీ వేషంలో దిగాడు. నెత్తికి తలగుడ్డ, భుజాన ఖాళీ క్రేటు, ముక్కు మీద బంగారు అంచు కళ్ళద్దాలు.

"ఏందప్పా, దయ్యమా?"

"పంక్తులు చదివే మన పార్సర్‌లో దయ్యం అనే ఎర్రర్ లేదు సార్. అభ్యర్థన అన్ని విధాలా సక్రమంగా ఉంది. వచ్చేది పుంగనూరు టవర్ నుంచి."

"ఆయన ఫోను?"

"జీపులో కాలిపోయిందని మన రిపోర్టే చెబుతోంది."

విభాగం ఎవరినైనా అనుమానిస్తుంది, తన రిపోర్టును తప్ప. రామమూర్తి తల పంకించాడు.

"ఆ పేరు జాబితాలోంచి తీసేస్తే సరిపాయె గదా?"

"సంవత్సరీకం కాకముందే ఎట్లా తీసేది సార్?"

రామమూర్తి ఆ సలహాను వెనక్కి తీసుకున్నాడు. ఆయనా ఈ సీమవాడే. ప్రపంచంలోని గూఢచారి సంస్థలన్నీ మరణించిన ఏజెంటు పేరును గంటలో తుడిచేస్తాయి. ఏడాది తిరిగి, పిండం పెట్టేదాకా చనిపోయినవాడిని ఇంటిమనిషిగానే ఉంచే సంస్థ ఇదొక్కటే. ఈ మర్యాదను ఏ శత్రువైనా పసిగట్టాడంటే, అతడికి మిగిలిన గడువు రేపటి సాయంత్రమే.

"తలుపే మూసేస్తే?"

"వెన్నెల చచ్చిపోతుంది సార్."

విభాగం ఏజెంటైన వెన్నెల కుప్పంలో ఉంది. గ్రానైటు ఎగుమతుల ముసుగులో ఒక విదేశీ ముఠా నడిపే ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది. రేపు పొద్దుగుంకే వేళ ఇదే తలుపు తట్టి తనను బయటికి తీయమంటుంది. ఆమెకున్న దారి ఇదొక్కటే. ఈ తలుపు పైకి టమాటా ధరలు చూపే యాప్‌ది. వేలాది రైతుల ఫోన్లు దాన్ని తడతాయి. ఏజెంట్ల ఫోన్లూ ఆ గుంపులో కలిసి తడతాయి, ఒక్క పంక్తి అదనంగా. మునికుమార్ రాసిన పార్సర్ ఆ పంక్తి చూసి, రైతును ధరల దగ్గరికి, ఏజెంటును రహస్యమందిరంలోకి పంపుతుంది. లోపల ఎవరెవరున్నారో, ఏ ఊళ్ళో ఉన్నారో అందరికీ కనిపిస్తుంది. దొంగ గంగులప్ప అడుగుపెట్టిన మరుక్షణం వెన్నెల పేరు ముఠా చేతిలో ఉంటుంది.

"కంగారెందుకు మునికుమార్ గారూ?" అంటూ లోపలికి వచ్చింది స్వర్ణలత. బెంగళూరు నుంచి సాంకేతిక సలహాదారుగా వచ్చింది. పట్టుచీర, చీకటి గదిలోనూ తీయని నల్లకళ్ళద్దాలు, కింద మగ్గుతున్న టమాటాలతో కలబడి గెలిచిన అత్తరు. "మనిషి శవం మీరెవరూ చూడలేదు కదా. బతికే ఉన్నాడేమో? స్నేహితుడు తలుపు తడుతుంటే తీయరా?"

ఆ రాత్రి మునికుమార్‌కు నిద్ర పట్టలేదు. ఏడాది కిందట కూడా అతడు ఇదే తెర ముందు కూర్చున్నాడు. కుప్పం రోడ్డు మీద వెంటాడుతున్న లారీని చూసి గంగులప్ప పిలిచి ఉండాలి. పిలుపు రాలేదు. శత్రువు ప్రయోగించిన అత్యాధునిక జామర్ వల్లనే రాలేదని విభాగం తేల్చింది. ఆ నివేదికలో ఒక ఉపగ్రహం బొమ్మ కూడా ఉంది. రాని ఆ పిలుపు ఇప్పుడు రోజూ వస్తున్నది.

మరునాడు పుంగనూరు వెళ్ళాడు. పట్టుగూళ్ళ వ్యాపారి వేషం, దట్టమైన మీసం, దగ్గరలో పనిచేస్తున్న ప్రతి ఫోనునూ పసిగట్టే థర్మాస్ ఫ్లాస్కు. గంగులప్ప భార్య కౌసల్య వాకిట్లో టమాటాలు ఏరి క్రేట్లకు ఎత్తుతున్నది. తల ఎత్తకుండానే అంది:

"ఏందప్పా మునీ, ఆ మీసం యాడ కొంటివి?"

"వదినా, నన్ను గుర్తుపట్టగూడదు."

"సరే. ఎవురప్పా నువ్వు? కాఫీ తాగుతావా మునీ?"

మునికుమార్ మీసం సర్దుకుని కూర్చున్నాడు. ఫ్లాస్కు మౌనం వహించింది. ఇంట్లో పనిచేస్తున్న ఫోను లేదు.

"అన్న గురించి ఎవరైనా వచ్చి అడిగినారా వదినా?"

"మొన్నాదివారం ఒకామె వచ్చిండె. ఇంట్లోకొచ్చినా నల్లద్దాలు తియ్యలే. ఆఫీసులో ఆయన్ని ఏమని పిలుస్తా ఉండిరి అనె. పొట్టి గిత్త అని సెప్పినా."

"అదెందుకు చెప్పినావు?"

"నవ్వుతాదేమోనని. నవ్వలేదప్పా. రాసుకునింది." ఆమె ఒక కాయ నొక్కి చూసి పక్కన పడేసింది. "ఆయన ఉన్నెబ్బుడు రోజూ రేటు సెప్తా ఉండె. ఇబ్బుడు కాయ కొయ్యాల్నా, సెట్టునే ఉంచాల్నా తెలీక సస్తాండా. రేపు సంవత్సరీకం. ఆ మీసం తీసేసి అన్నానికి రా."

బస్సు ఎక్కగానే మునికుమార్ రామమూర్తికి ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు: "నల్లద్దాలు."

ఇక్కడ పాఠకులు గంగులప్ప వంశం గురించి కొంత తెలుసుకోవాలి. ఆయన తాతతండ్రులు పుంగనూరు పశువుల సంతలో దళారులు. సంతలో బేరం నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీదా టవల్ కప్పి, దాని చాటున వేళ్ళు పట్టి అడుగుతారు, వేళ్ళు పట్టి జవాబిస్తారు. మొదట పట్టిన చేతిని ఎంత మంచి బేరమైనా విదిలించేయాలి. సంతమనిషి నవ్వి, వెంటనే మళ్ళీ చెయ్యి ఇస్తాడు. పరాయివాడు అవమానపడి వెళ్ళిపోతాడు. యంత్రాల కరచాలనంలోనూ గంగులప్ప ఈ ఆచారాన్నే పెట్టించాడు. లోకంలోని సర్వర్లన్నీ వచ్చిన కీకి ఒక స్థిరమైన మాట అతికించి, దంచి, ఆ పిండిని జవాబుగా పంపుతాయి. పిండి సరిపోలితేనే అడిగినవాడు లోపలికి వస్తాడు. తేడా ఉంటే తక్షణం వెళ్ళిపోవాలని అంతర్జాతీయ నియమం. మదనపల్లె సర్వరు మాత్రం ఏజెంటుకు మొదటిసారి బుద్ధిపూర్వకంగా తప్పు పిండి పంపుతుంది. వెంటనే మళ్ళీ అడిగినవాడే మనవాడు. ఈ సంగతి నోటిమాటగా క్షేత్రంలోని ఏజెంట్లకు తప్ప, సలహాదారులకు తెలియదు.

పొద్దు గుంకింది. గదిలో మునికుమార్, అతడి వెనుక స్వర్ణలత, పక్కన టవల్ వేలాడే కుర్చీ.

మొదట వెన్నెల తట్టింది. పార్సర్ విదిలించింది. ఆమె మళ్ళీ తట్టింది. 'నూటొకటి: స్విచింగ్ ప్రోటోకాల్స్' అంటూ తలుపు తెరుచుకుంది. తెర మూలన రహస్యమందిరంలో, నల్లద్దాల్లోంచి చదవలేనంత సన్నగా, ఆమె పేరు, పక్కన 'కుప్పం' వెలిగాయి. వెంటనే ఒక మాట: "అనుమానం వచ్చింది. తొందరగా తీయండి."

అప్పుడు పొట్టి గిత్త తట్టాడు. ఆ ఖాళీ పంక్తి అందిన మరుక్షణం మళ్ళీ పొట్టి గిత్త తట్టాడు.

ఇద్దరు గంగులప్పలు. ఒకడు కుప్పం నుంచి, ఒకడు పుంగనూరు నుంచి. కుప్పం అభ్యర్థన శిల్పంలా ఉంది. ప్రతి పంక్తీ ప్రామాణికం. పుంగనూరుది ఏడాది నాటి పాత యాప్, ఎప్పుడో మార్చేసిన పంక్తులతో.

"పాతది చెత్త, వదిలేయండి" అంది స్వర్ణలత మృదువుగా. "కుప్పంది చూడండి. అదీ గంగులప్ప అంటే. ఒప్పుకోండి."

మునికుమార్‌కు ఒక్కసారి ఒప్పుకోవాలనిపించింది. బతికుంటే అన్న మాట ఎంత చిన్నది, ఎంత బరువైనది! అతడు కుర్చీ మీది టవల్‌ను చూశాడు. తరువాత బిగపట్టిన జవాబును వదిలాడు. పార్సర్ ఇద్దరి చేతులనూ విదిలించింది.

కుప్పం గంగులప్ప నియమానుసారం అవమానపడి వెళ్ళిపోయాడు.

మెడ వెనుక చల్లగా తగిలింది. స్వర్ణలత చేతిసంచిలోంచి అద్దంతో పాటు పిస్తోలు కూడా బయటికి వచ్చింది. రెండో చేతిలోని ఫోనులో ముఠాతో అంది: "తప్పు జవాబు వచ్చిందా? పరవాలేదు. మళ్ళీ అడగండి. ఇప్పుడే."

ముఠా మళ్ళీ అడిగింది. పంక్తులు దిగసాగాయి. గెట్. అప్‌గ్రేడ్. కొత్త కీ. పొట్టి గిత్త. రెండోసారి అడిగినవాడిని పార్సర్ లోపలికి రానిస్తుంది. దానికి తెలిసిన ధర్మం అంతే. మందిరంలో వెన్నెల పేరు ఇంకా వెలుగుతూనే ఉంది. కీబోర్డు మీదికి కదిలిన మునికుమార్ చేతిని పిస్తోలు పక్కకు నెట్టింది. ఖాళీ పంక్తి వచ్చింది.

సర్వరు నోరు విప్పింది: 'నిరాకరణ. ఈ గుర్తు గలవారు ఇప్పటికే లోపల ఉన్నారు.'

స్వర్ణలత జీవితంలో మొదటిసారి నల్లద్దాలు తీసి తెర చూసింది. నిజమే. ఆమె ఫోనులో మాట్లాడుతున్న ఆ రెప్పపాటులోనే, పుంగనూరు గంగులప్ప విదిలించిన చేతిని మళ్ళీ చాచాడు. తలుపు తెరుచుకుంది. ఒక పేరుకు ఒకే ఆసనం. చనిపోయినవాడు తన ఆసనంలో తాను కూర్చుని ఉన్నాడు.

తలుపు బద్దలైంది. రామమూర్తి నెత్తిన ఉన్న క్రేటును, ఈసారి నిండుగా ఉన్నదాన్ని, పట్టుచీర మీదికి విసిరాడు. పిస్తోలు ఒకవైపు, స్వర్ణలత ఒకవైపు, టమాటాలు అన్నివైపులా. ప్రామాణికమైన అభ్యర్థన తన చిరునామానూ ప్రామాణికంగా మోసుకొచ్చింది గనుక, కుప్పంలో కాచుకున్న పోలీసులు నేరుగా ఆ గది తలుపే తట్టారు. వాళ్ళు ఖాళీ పంక్తి కోసం ఆగలేదు. కాసేపటికి వెన్నెల ఫోన్ చేసి, "జీపులో ఉండాను సార్. ఆకలేస్తాంది" అంది.

అప్పుడు రహస్యమందిరంలో పొట్టి గిత్త పేరు పక్కన అక్షరాలు కదిలాయి.

రామమూర్తి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. కింద హమాలీల అరుపులు కూడా ఆగినట్లనిపించింది. అక్షరాలు తడుముకుంటూ, ఒక్కొక్కటే వచ్చాయి:

"రేపు టమాటా ఎంత"

మునికుమార్ రాశాడు: "ఎవరు?"

"కౌసల్య. వారం నుంచి నొక్కుతాండా. ఈ పొద్దుకు తెరుచుకునింది. రేటు చెప్పండి."

మరునాడు మునికుమార్ మీసం లేకుండా, ఉతికి మడిచిన టవల్‌తో సంవత్సరీకానికి వెళ్ళాడు. పిండం పెట్టారు, కాకి వచ్చింది. అన్నాలయ్యాక కౌసల్యను పక్కకు పిలిచాడు.

"వదినా, నిన్న ఒకసారి తిప్పికొడితే మళ్ళీ ఎందుకు అడిగినావు? అన్న నేర్పించినాడా?"

"నేర్పించేదేముందప్పా? రేటు రాకుంటే మళ్ళీ నొక్కరా ఎవురన్నా?"

సంవత్సరీకం అయిపోయింది కనుక పేరు తుడిచేయవచ్చు. మునికుమార్ తుడవదలచుకోలేదు. పంట పూర్తయ్యేదాకా ఆమెకు రేటు కావాలి.

"ఫోను కాలిపోయిందని రాసినాం మేము. నేనొచ్చినప్పుడు కూడా కనబడలేదే?"

"బ్యాటరీ నిలవదని పగలంతా ఆపి పెడతా. కాలిపోయేదానికి ఆయన తీసకపోతే గదా! ఆ పొద్దు ఛార్జింగ్ ఎక్కలేదని ఈడనే పెట్టిపోయె. వచ్చినాక తీసుకుంటాననె." ఆమె కొంగుతో ఆ ఫోను అద్దం తుడిచి, గూట్లో గంగులప్ప ఫోటో పక్కన నిలబెట్టింది.

మునికుమార్ గోడకున్న ఛార్జర్ వైపు చూశాడు. విదేశీ జామర్ గురించి, దాన్ని మోసిన ఉపగ్రహం గురించి విభాగం రాసిన నివేదిక యావత్తూ అతడి కళ్ళముందు పంక్తి పంక్తిగా దిగి, చివరన ఖాళీ అయింది.

ఏడాది కిందట ఆ పూట పుంగనూరులో కరెంటు లేదు.