ప్రెసిడెంటుకు మిగిలిన మాట

"ఏవండీ, పై గుండీ ముందా, కింది గుండీ ముందా?"

"సాధిద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

"నన్ను సాధించడం ముప్పై అయిదేళ్ళుగా అవుతూనే ఉందిగా! ముందు చొక్కా సంగతి చూడండి," అని టీచరమ్మ నవ్వుతూ భర్త ఎడమచేతిని గుండీ మీద పెట్టింది.

ఆవిడ ఒకటో తరగతికి పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి, ఓపికకు పెట్టింది పేరు. ఆయనేమో పద్దెనిమిదేళ్ళుగా ఉపాధ్యాయ సంఘానికి అధ్యక్షుడు. ఒక్క పిలుపిస్తే బడులన్నీ మూతపడేవి. మంత్రి ఫోను చేసినా "స్నానం చేస్తున్నారు, కాసేపాగి చెయ్యండి" అని ఆవిడ నిమ్మళంగా పెట్టేసేది. ఆయన మంత్రులకు పాఠాలు చెప్తాడు, ఆవిడ పసిపిల్లలకు చెప్తుంది, ఇద్దరిలో ఆవిడ పనే సులువు అని స్టాఫ్ రూములో నవ్వుకునేవారు.

అలా నోరు పెట్టుకుని బతికిన మనిషి నాలుగు నెలల క్రితం నిండు సభలో, మైకు ముందే కూలిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. వేదికల మీద వేలసార్లు అరిచిన "సాధిద్దాం" ఒక్కటే నోట్లో మిగిలింది. మంచినీళ్ళకూ అదే, నొప్పికీ అదే. పోనీ తల ఊపుదామన్నా ఔననబోతే కాదని వచ్చేస్తుంది.

"తెలివి ఎక్కడికీ పోలేదమ్మా. అన్నీ అర్థమవుతాయి, చెప్పలేరు, అంతే," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి ఇలా పడితే మాత్రం నా చేతుల్లో ఉండదు."

ఆ ఆఖరిమాట విన్నప్పటినుంచి టీచరమ్మకు కంటిమీద కునుకు లేదు. ఏ "సాధిద్దాం" దేనికో ఆవిడొక్కతే కనిపెట్టగలదు మరి. నోరు విప్పని పిల్లల మొహాలు చూసి ఎవడికి దాహమో, ఎవడికి భయమో పసిగట్టడం ఆవిడకు కొత్తా?

ఒంటిగంట దాటాక గేటు ముందు కారాగింది. సంఘం కార్యదర్శి ఫైలు పట్టుకుని దిగాడు, వెనకాలే కోశాధికారి, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. కార్యదర్శి ఆ ఇంట్లో కొడుకులా మసలినవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రెండేళ్ళపాటు టీచరమ్మ చేతి అన్నమే తిన్నాడు.

"అమ్మా, ఇవాళ మూడింటితో నామినేషన్లు ఆఖరు," అన్నాడు కూర్చోకుండానే. "చట్టసభలో మన టీచర్ల సీటు. సార్ నిలబడాలి."

"ఆ సీటు కోసం ఆయన తపించినప్పుడు ఇచ్చారా? ఇవాళ మంచాన పడ్డాక గుర్తొచ్చాడా?"

"ఇంకెవర్ని నిలబెట్టినా సంఘం మూడు ముక్కలవుతుందమ్మా. సార్ పేరుంటే ఒక్క ఓటు బయటికి పోదు. సార్ మాట్లాడక్కర్లేదు, వ్యాన్లో కూర్చుని చెయ్యి ఊపితే చాలు."

"ఎద్దు పుండు కాకికి నొప్పా అని! నెల్లాళ్ళు ఎండలో ఊరేగిస్తారా? మళ్ళీ పడిపోతే మీరు ఇంకో ప్రెసిడెంటుని ఎన్నుకుంటారు. నేనెవర్ని ఎన్నుకోను నాయనా?"

కార్యదర్శి మొహం మాడిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. "సార్నే అడుగుదామమ్మా," అని కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కాగితాలు ఆయన ఒళ్ళో పెట్టాడు. "సార్, నిలబడతారా?"

ప్రెసిడెంటు కాగితాల వంక చూశాడు. తన పేరున్న చోట చూపు ఆగింది. ఒరిగిపోయిన వీపు మెల్లగా నిటారైంది.

"సాధిద్దాం!"

గదిలో చప్పట్లు మోగాయి. కోశాధికారి కళ్ళు తుడుచుకున్నాడు. కార్యదర్శి గబగబా సిరా డబ్బీ తీసి, "వేలిముద్ర చాలు సార్," అన్నాడు.

టీచరమ్మ గబుక్కున ఆ డబ్బీకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నేను కూడా అడుగుతాను," అని భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏవండీ, వీళ్ళని వెళ్ళిపొమ్మనమంటారా?"

ఆయన పెదాలు వణికాయి. దవడ బిగించి వేరే మాట కోసం లోపలంతా తడుముకున్నాడు. వచ్చింది మాత్రం అదే. "సాధిద్దాం."

"మీ పేరేంటండీ?"

"సా... సాధిద్దాం."

"మీకు పెళ్ళయిందా?"

"సాధిద్దాం."

వెనక నిలబడ్డవాళ్ళలో ఒకాయనకు నవ్వాగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాడు.

"విన్నారుగా? ఈ మాట పట్టుకునేనా వేలిముద్ర వేయిస్తారు?"

కార్యదర్శి డబ్బీ మూసేశాడు. "క్షమించమ్మా. ఆశ కొద్దీ వచ్చాం," అని కాగితాలు తీసుకుని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

గండం గడిచిందనుకుంటూ తలుపు వేసి వచ్చింది టీచరమ్మ. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ మనిషి ఏడవగా ఆవిడ చూడటం అదే మొదలు.

"ఏవండీ..."

తిరగలేదు. ఆవిడ కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది.

"నాకు తెలుసండీ," అంది. "వాడు అడగ్గానే మీరన్నది ఔననే. వాళ్ళకెవరికీ తెలీదు, నాకు తెలుసు. తెలిసే ఆ పిచ్చి ప్రశ్నలు అడిగాను. మీకున్నదే ఒక్క మాట. నలుగురిలో దాన్నీ విలువ లేకుండా చేశాను. మీరు బతికుంటే చాలనుకున్నానండీ. ఎలా బతుకుతారో ఆలోచించలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఇంకా గంటన్నర ఉంది. వెనక్కి రమ్మంటాను. ఔనన్నారని నేనే చెప్తాను. చెయ్యనా?"

అప్పుడు తిరిగాడు ప్రెసిడెంటు. ఫోను పట్టుకున్న ఆవిడ చేతిని చూశాడు, ఏడ్చి ఉబ్బిన మొహాన్ని చూశాడు. నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసేశాడు. తన ఎడమచేత్తో ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకుని, బోర్లించి బల్లమీద పెట్టేశాడు.

"నా కోసం వద్దంటున్నారా?"

ఆ చెయ్యి వచ్చి ఆవిడ తలమీద ఆగింది. ఆయన మోకాలి మీద మొహం పెట్టుకుని టీచరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. గడియారంలో మూడు దాటేదాకా ఇద్దరూ అక్కణ్ణుంచి కదల్లేదు.