పచ్చదీపం కింద మనిషి

"గట్టిగా పట్టుకో అక్కా!"

స్కూటర్ గుంతలో పడి లేస్తుంది.

ఎస్తేరమ్మ వెనక్కి చూస్తుంది. బైకు... ఇంకా వెనకే ఉంది! మలంచా రోడ్డు మీద వెంటపడ్డవాడు వదలడం లేదు.

ఆమె ఒళ్లో గోనెసంచి. సంచిలో ఒక లైఫ్ జాకెట్.

అది రేపు పొద్దున్న మేదినీపూర్ కోర్టుకు చేరితే కొడుకు జాయ్ జైలు నుంచి బయటికొస్తాడు. చేరకపోతే ఏడు చావులు వాడి నెత్తిన.

ఆషాఢంలో రేవు పడవ బోల్తా పడింది. జాకెట్ వేసుకోనివాళ్లు ఈదుకొచ్చారు. వేసుకున్న ఏడుగురూ మునిగారు! లోపల తేలే ఫోమ్ లేదు. నీళ్లు పీల్చే పాత స్పాంజి. పైన మాత్రం ఝపటాపూర్‌లో ఆమె పడవ సామాన్ల కొట్టు లేబుల్. కొట్టు జాయ్ పేరున ఉంది. పోలీసులు వాణ్ణే పట్టుకెళ్లారు.

ఆ దొంగ లేబుళ్లు కుట్టే గోడౌన్ ఈ మధ్యాహ్నమే ఆమె కంటపడింది. గోడౌన్ ముద్రతో ఉన్న జాకెట్ ఒకటి సంచిలో కుక్కుకొచ్చింది. ఒక్కడికే చెప్పింది.

ఇప్పుడు స్కూటర్ తోలుతున్న తమ్ముడు టోనికి. రైల్వేలో సిగ్నల్ మనిషి.

గంట తిరక్కుండా బైకు వెంటపడింది!

లెక్క ఎక్కడో తప్పుతోంది. ముప్పై ఏళ్లు కొట్టులో కూర్చున్న మనిషికి అది తెలియదా? తెలుసు. కానీ వీడు తన చంకనెక్కి పెరిగినవాడు. కూడిక అక్కడే ఆపేసింది.

"వంతెన మీద కూడా కాపలా ఉన్నారక్కా. పడవ సెప్పి ఉంచినాను. దాటేస్తే ఆ ఒడ్డున లాయరుబాబు ఉంటాడు."

కాసాయి నది ఒడ్డు. ఏడు కాలేదు, అప్పుడే చీకటి. వాన నీటికి నది నిండుగా ఉరుకుతోంది.

బైకు చప్పుడు గట్టు మీదే ఆగిపోయింది.

ఎందుకాగింది?

టోని పడవ ముక్కుకు రైల్వే చేతిదీపం తగిలిస్తాడు. అద్దం తిప్పుతాడు. పచ్చ!

"ఇలా ముందుకొచ్చి కూకో అక్కా. దీపం కింద. నువ్వే కదా నడిపేది."

"ఇది రైలింజినేట్రా, ముందు కూకుని తోలడానికి? చుక్కాని ఎనకుంటాది. తాత ఎన్నిసార్లు సెప్పినాడు నీకు? అమరంలో కూకున్నోడే పడవకి దొర!"

టోని ముఖం పాలిపోతుంది. "ముందు కూకోవా... అయితే?"

"నేను ముందు కూకుంటే ఇది సుట్లు తిరుగుతాది. నువ్వు కూకో అక్కడ. తెడ్డెయ్."

పడవ కదులుతుంది. వెనక కొసన ఎస్తేరమ్మ. కాళ్ల మధ్య సంచి. చేతిలో చుక్కాని. ముందు టోని. వాడి తల మీద పచ్చటి వెలుగు.

నది మధ్య.

ఆమె కళ్లు ఆ దీపం మీదే ఉన్నాయి. పడవ దీపాలు ఎన్ని అమ్మింది! ఎడమకు ఎరుపు, కుడికి పచ్చ. జతగానే అమ్ముతుంది. ముక్కు మీద ఒంటి పచ్చదీపం ఏ పడవవాడూ పెట్టడు.

పెట్టేవాడు ఒక్కడే. దారి ఖాళీగా ఉంది, రమ్మని ఎవరికో చెప్పాల్సినవాడు!

"ఒరే టోనీ."

"ఏటక్కా?"

"ఎవుడికిరా లైన్ క్లియర్ ఇచ్చినావు?"

తెడ్డు ఆగుతుంది.

అదే క్షణాన దిగువన ఇంజన్ మొదలవుతుంది. లాంచీ! ఒక్క దీపమూ లేదు. నేరుగా వస్తోంది.

"కొట్టు పేరు సెప్పి రేవుకి ఆ జాకెట్లు అమ్మింది నేనే అక్కా," టోని గొంతు చిన్నదవుతుంది. "జాయ్‌కి ఏటీ తెల్దు. ఇది బయటపడితే నా ఉజ్జోగం పోతాది. పిల్లలు..."

"నా కొడుకు పిల్లోడు కాడేట్రా?"

"ఆడు కుర్రోడు. జైలు నుంచొచ్చినా ఇంకా బతుకుంటాది."

కొడుకు శిక్షకు వీడు ముందే ధర కట్టేశాడు!

"సంచి లాక్కుంటే పోయీది కదరా... మనుషుల్నెందుకు పిలిసినావు?"

"సంచి లాక్కుంటాను. గోడౌను సూసిన నీ కళ్లనేటి సెయ్యమన్నావు?"



లాంచీ దగ్గరవుతోంది. వంద గజాలు... ఎనభై...

టోని లేస్తాడు. దీపం ఊడదీస్తాడు. ఊగుతున్న పడవలో ఒక్కో అడుగూ వేసుకుంటూ ఆమె వైపు వస్తాడు.

"ఈ దీపం నీ కాడ పెడతాను. అంతే అక్కా. నొప్పి తెల్దులే."

అప్పుడు తడుతుంది ఆమెకు! దీపం కింద మనిషి... అదీ వాళ్లకిచ్చిన గుర్తు. ముందు కూర్చోమన్నది అందుకు!

మరి ఇప్పుడు దీపం ఎవరి చేతిలో ఉంది?

"టోనీ! దీపం నీట్లో పారెయ్!"

వాడు నవ్వుతాడు. "సీకట్లో తప్పించుకుందామనా?"

"ఒరే పిచ్చోడా! ఎలుగు నీ మీదుందిరా! పారెయ్!"

"సాల్లే అక్కా."

ఇంకో అడుగు.

ఢాం!

దీపం నీళ్లలో. టోని నీళ్లలో. మొత్తం చీకటి!

"కాజ్ శేష్!" లాంచీ మీంచి ఎవడో బెంగాలీలో అరుస్తాడు. పని అయిపోయిందట. ఎవరు పడ్డారో చూడను కూడా చూడలేదు. లాంచీ తిరిగి వెళ్లిపోతుంది.

"అక్కా!"

బతికే ఉన్నాడు! తూటా భుజానికి తగిలినట్టుంది. ఒంటి చేత్తో నీళ్లు కొడుతున్నాడు. వాడికి ఈత రాదు.

ఆమె చుక్కాని వదిలేస్తుంది. తెడ్డు అందుకుని చాస్తుంది. అందలేదు. ఒంగి మళ్లీ చాస్తుంది. జాన దూరం! నీటి వాలు వాణ్ణి లాక్కుపోతోంది.

"అక్కా... జాకెట్! సంచిలో జాకెట్ ఇసురు!"

ఆమె చెయ్యి సంచిలోకి పోతుంది. జాకెట్ బయటికి లాగుతుంది. చెయ్యెత్తుతుంది...

ఆగిపోతుంది.

"ఇసురక్కా!"

"ఇది తేలదురా టోనీ... నువ్వమ్మిందే!"