పేరు రాయని తాళంకప్ప

నెబ్రాస్కాలోని మా ఊరి హైస్కూల్లో, వ్యవసాయం వర్క్‌షాప్ పనిముట్ల గది పంతొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉంది. నేను చదివింది పదో తరగతి వరకే. అయినా ఇన్నేళ్లలో అక్కడ ఒక్క పిల్లవాడి వేలు కూడా తెగలేదు. కళ్లద్దాలు లేనివాణ్ణి వెల్డింగు దగ్గరికి రానివ్వను. జుట్టు ముడి వేసుకోని పిల్లని డ్రిల్లు ముట్టనివ్వను. పిల్లలు చాటుగా నన్ను జైలరమ్మ అంటారు. అననీ.

అన్నిటికంటే గట్టి నియమం తాళంకప్పలది. దాణా మరలో చెయ్యి పెట్టాలంటే ముందు గోడ మీది మెయిన్ స్విచ్చు ఆపాలి. దాని కొక్కేనికి ఆరు బెజ్జాలుంటాయి. మరలో చెయ్యి పెట్టే ప్రతి మనిషీ తన కప్ప తానే వేసి, పేరు రాసిన చీటీ కట్టి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. పనయ్యాక ఎవరిది వాళ్లే తియ్యాలి. ఒక్క కప్ప మిగిలినా స్విచ్చు పడదు. మిగిలిందంటే ఒక మనిషి చెయ్యి ఇంకా లోపలే ఉందని అర్థం.

ఆ జనవరి శుక్రవారం మంచు తుఫాను వస్తోందని బడి మధ్యాహ్నానికే వదిలేశారు. బస్సులు వెళ్లిపోయాయి. నేనూ, కొత్తగా వచ్చిన వ్యవసాయం మాస్టారు లైల్ హ్రూస్కా మిగిలాం. వెనక కొట్టంలో పదకొండు దూడలు పొద్దుటి నుంచీ అరుస్తున్నాయి. మరలో తడి మొక్కజొన్న ఇరుక్కుని దాణా ఆడలేదు. గడ్డి నిన్నే అయిపోయింది, రావాల్సిన లారీ తుఫానుకు ఆగిపోయింది. రోడ్డు మూసుకుపోతే రెండు రోజులు ఎవరూ రాలేరు. ఖాళీ కడుపుతో దూడలు ఆ చలికి ఆగవు.

ఇద్దరం మా కప్పలు వేసి, గంటసేపు మర లోపల గోకి శుభ్రం చేశాం. మా పక్కనుంచి ఎవరూ పోలేదు. చేతులు తుడుచుకుని వచ్చి నా కప్ప తీశాను. లైల్ తనది తీశాడు.

కొక్కేనికి మూడోది వేలాడుతోంది.

పాత ఇత్తడి కప్ప. చీటీ ఉంది. చీటీ మీద పేరు లేదు.

నా అనుమానం లైల్ మీదికే పోయింది. వచ్చిన రోజు నుంచీ నా నియమాలంటే అతనికి వెటకారం. ఆర్డిస్ గారు పడుకునేటప్పుడు దుప్పటికి కూడా తాళం వేసుకుంటారేమో అని, నన్ను చూపిస్తూ పిల్లల ముందే అన్న మనిషి.

"చాలా బాగుంది సార్. ఇక తియ్యండి," అన్నాను.

"నాదా? మీరే నాకు పరీక్ష పెట్టారనుకున్నా," అన్నాడు. నవ్వలేదు.

జేబులు తిరగేసి చూపించాడు. నేనూ చూపించాను. ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. కలిసే వెతికాం. అతన్ని కంటికి దూరం చెయ్యడం నాకిష్టం లేదు, నన్ను దూరం చెయ్యడం అతనికీ ఇష్టం లేదు. వెల్డింగు తెరల వెనక చూశాం. రంగుల గదిలో, అటక మీద చూశాం. మర గొంతులోకి టార్చి వేశాం. ఇనుప పళ్లు, పిండి, అంతే. ఎవరైనా ఉన్నారా అని మూడుసార్లు కేకేశాను. తలుపుల గడియలు లోపలి నుంచి వేసే ఉన్నాయి. బయట గుమ్మం ముందు మంచు మీద ఒక్క అడుగుజాడైనా లేదు.

ఐదు కాకముందే కిటికీలు నల్లబడ్డాయి. దూడల గొంతులు బొంగురుపోయాయి. లైల్ గోడ మీంచి ఇనుము కోసే పెద్ద కట్టర్ దించాడు. కప్ప ఎవరిదో ఆ మనిషిని కళ్లతో చూడకుండా కొయ్యకూడదని చెప్పాను. ఆ మాట గోడ మీద రాసింది నేనే.

"ఇక్కడ మూడో మనిషి లేడు ఆర్డిస్ గారూ. మీ పంతానికి ఆ దూడల్ని చంపుతారా?"

ఆ మాట నాకు తగిలింది. నేను పంతం మనిషిని కాదని అతనికి చూపించాలనిపించింది. ఒకరి మాటకు జవాబు చెప్పడం కోసం నియమం వదిలితే అది దయ కాదు, అహంకారం. ఆ సంగతి అప్పుడూ నాకు తెలుసు. తెలిసే, కట్టర్ అతని చేతిలోంచి లాక్కున్నాను.

కప్పను ఎడమ చేత్తో పట్టుకున్నాను. మా ఊపిరి పొగలా కనబడేంత చలి అక్కడ. కప్ప మాత్రం వెచ్చగా ఉంది... అప్పటిదాకా ఎవరి గుప్పిట్లోనో ఉన్నట్టు.

కోశాను.

లైల్ స్విచ్చు వేశాడు. మర కదిలింది. మొక్కజొన్న ఇంకా పొయ్యలేదు. ఖాళీ మర ఎలా మోగుతుందో నాకు బాగా తెలుసు. అది గలగల్లాడుతుంది. ఇది అలా మోగలేదు. కాసేపటికే చప్పుడు బరువెక్కింది. మెత్తబడింది... ఏదో నలుగుతున్నట్టు. ఆ చప్పుడులోనే, నా చెవి పక్కన, ఎవరో చాలా నెమ్మదిగా అన్నారు.

"నాది... ఇంకా తియ్యలేదు..."

లైల్ వంక చూశాను. అతనూ నన్నే చూస్తున్నాడు.

"మీరేనా?" అన్నాడు గుసగుసగా.

తల అడ్డంగా ఊపాను. స్విచ్చు ఆపాను. మర వెంటనే ఆగలేదు. ఇంకా తిరిగింది... ఇంకా... ఆగింది.

మళ్లీ కప్పలు వేసి మూత తీశాం. రక్తం లేదు. గుడ్డ పీలిక లేదు. ఉన్నది పిండి వాసనే. తడి గింజలేవో మిగిలి ఉంటాయన్నాడు లైల్. అవునన్నాను. అతను నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా మొక్కజొన్న పోసి దాణా ఆడించాం.

బస్తాలు మోసుకెళ్లి కొట్టంలో తొట్టి నింపాం. రోజంతా పస్తున్న దూడలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. మొదటిది మూతి దించింది. వాసన చూసింది. వెనక్కి జరిగింది. తర్వాత రెండోది. తర్వాత అన్నీ.

పదకొండూ అవతలి గోడకు ఆనుకుని నిలబడ్డాయి. ఒక్కటీ అరవలేదు. అవి తొట్టి వంక చూడటం లేదు. నాకూ లైల్‌కూ మధ్య ఉన్న ఖాళీ వంక చూస్తున్నాయి.

లైల్ మెల్లగా రెండడుగులు దూరం జరిగాడు.

దూడల కళ్లు అతని వెంట పోలేదు. నెమ్మదిగా... నా భుజం పక్కకి వచ్చి ఆగాయి.