ఎల్డన్ విప్పిన ముడి

"ఎల్డన్‌ని ఇంటికి పంపరట!... ఇక జీవితాంతం సంరక్షణ కేంద్రంలోనే ఉంచుతారట!" ఆసుపత్రి వరండాలో అత్తగారు ఫ్లోరా గుండెలు బాదుకుంటుంటే మర్లా కంట ఒక్క చుక్క కూడా రాలలేదు. ఏడ్చే ఓపిక ఎప్పుడో అయిపోయింది, మిగిలింది కోపమే! పడవ మీద లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోను తగిలి భర్త ఎల్డన్ తల పగిలిన రోజు నుంచీ ఒకరు అతని కాలు చూశారు, ఒకరు మాట చూశారు, ఇంకొకరు జ్ఞాపకం చూశారు. మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు!

రోగుల చికిత్సలన్నీ సమన్వయం చేసే కోఆర్డినేటర్ డెనీస్ పుణ్యమా అని ఇవాళ ఆ వైద్యులందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎల్డన్‌నీ కూర్చోబెట్టారు.

"తన తప్పు తను గుర్తించలేకపోతున్నాడమ్మా," అన్నాడు డాక్టరు. "రేపు పొయ్యి వెలిగించి మరిచిపోతే?"

"అసలు తప్పు చేసి దిద్దుకోనిచ్చిందెవరు డాక్టరుగారూ?" మర్లా సంచిలోంచి దారపు ఉండ, వల అల్లే సూది తీసి బల్ల మీద పడేసింది. కేప్ బ్రెటన్ దీవిలో చలికాలం వచ్చిందంటే ప్రతి వంటింట్లోనూ బోనులకు బిగించే వలలు అల్లాల్సిందే. "ఎల్డన్, అల్లు!"

"నీకేమైనా పిచ్చా? నలుగురిలో నా బిడ్డ పరువు తీస్తావా!" ఫ్లోరా కసిరింది.

ఎల్డన్ వేళ్ళు మెల్లగా కదిలాయి. వలలో ఒక కన్ను అల్లాడు, ఇంకోటి అల్లాడు. ఆ తర్వాతి ముడి జారిపోయింది. అలవాటుగా ఫ్లోరా చెయ్యి ముందుకొచ్చింది. రోజూ వచ్చి గుండీలు పెట్టేది ఆవిడే, చెంచా నోటికందించేది ఆవిడే, అతను తప్పు చేస్తే చటుక్కున సరిచేసేదీ ఆవిడే... మర్లా ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"వదిలెయ్యండి అత్తయ్యా! మీ ప్రేమే మీ అబ్బాయిని ఇక్కడ కట్టిపడేస్తోంది!"

"కన్నతల్లినే! చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోండి! ఈ ఒక్కసారికి ఊరుకోండి!"

ఎల్డన్ మరో ముడి వెయ్యబోయి ఆగాడు. వలని వెలుతురుకేసి పట్టి చూశాడు... నొసలు చిట్లించాడు. గోటితో ఆ జారు ముడి విప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. మళ్ళీ ముడివేసి, గట్టిగా లాగి చూసుకున్నాడు.

"ఇందాకటిది... దాంట్లోంచి తిమింగలం కూడా... పారిపోతుంది!" అన్నాడు ముద్దముద్దగా.

డెనీస్ పకపకా నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఇంటికి పంపి, వాళ్ళ వంటింట్లోనే పరీక్ష పెడదాం డాక్టర్! మేమంతా వంతులవారీగా అక్కడికే వెళ్తాం."

డాక్టరు సరేనని తలూపాడు. "పొయ్యి దగ్గర మాత్రం ఎవరో ఒకరు ఉండాలి."

"నేనుంటాను," అంది మర్లా. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు, ఆపితే ఆగలేదు!

లేచి వెళ్ళేటప్పుడు ఎల్డన్ చెయ్యి కోటులో ఇరుక్కుపోయింది. ఫ్లోరా ఒక్క అడుగు ముందుకేసింది... ఆగిపోయింది. రెండు చేతులూ చంకల్లో గట్టిగా ఇరికించుకుని వెక్కుతూ నిలబడింది.

"నిదానంగా తొడుక్కో నాయనా... మేమెక్కడికీ పోం!"