గౌస్ బాషా చూసిన దేశం

మా వైపు ఎవర్నడిగినా చెబుతారు — చీరాల రోడ్డులో మూతపడ్డ పత్తి మిల్లు పక్కగా పొద్దుగూకాక పోవద్దని. బాయిలరు పేలి మనుషులు పోయిన చోటది. మిల్లు మూసేసి ఏళ్ళయినా, చీకటి పడగానే వెనక షెడ్డులోంచి తెల్లగా ఆవిరి లేస్తుందని, బుస్సుమని చప్పుడొస్తుందని... మిరపకాయల బళ్ళవాళ్ళు కూడా అక్కడికి రాగానే ఎద్దుల్ని అదిలించి పరుగు పెట్టించేవాళ్ళు.

ఒక్క గౌస్ బాషా మాత్రం నవ్వేవాడు.

నవ్వడా మరి? ఓడల్లో బొగ్గేసి, యాభై ఎనిమిదిలో అనుకుంటా, ఊరికి తిరిగొచ్చినవాడాయె. "ఈ కాస్త ఆవిరికే ఇంత భయమా? నేను చూసిన ఐస్‌లాండులో నేలంతా ఆవిరే" అనేవాడు, బుడే టీ కొట్టు ముందు కూర్చుని. ఇక మొదలు. నేలలోంచి సలసల కాగే నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు చిమ్ముతాయట. చుట్టూ మంచు, మధ్యలో వేణ్ణీళ్ళ మడుగు, అందులో ముసలీ ముతకా మెడదాకా మునిగి కబుర్లాడుకుంటారట. పిండి డబ్బాలో పెట్టి ఆ వేడి నేలలో పాతిపెడితే మర్నాటికి రొట్టె అయి కూర్చుంటుందట. ఎండాకాలం రాత్రి కూడా పొద్దు గుంకదట. చలికాలం ఇంటిల్లిపాదీ దీపం చుట్టూ చేరి పాత కథలు చదువుకుంటారట. జనం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. బుడే రెండో టీ అడక్కుండానే పోసేవాడు.

అంతా బాగానే ఉంది గానీ — గౌస్ బాషా ఆ దేశంలో కాలే పెట్టలేదు.

ఓడ రేవులో ఆగింది నిజం. దిగి చూసి రమ్మన్నారు కూడా. ఆ చలికీ, దూరంగా పొగలు కక్కే నేలకీ హడలిపోయి, దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. దిగింది అతనితో పాటు బొగ్గేసే ఆదాం. మా ఊరి దూదేకుల మాబూబీ కొడుకే. తిరిగొచ్చి పూసగుచ్చినట్టు అన్నీ చెప్పాడు, రొట్టె ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. గౌస్ తల దించుకుంటే నవ్వి, "పోనీలేరా. ఊరెళ్ళాక ఇద్దరం చూశామని చెబుదాం" అన్నాడు. ఊరు చేరకముందే జ్వరమొచ్చి నడిసముద్రంలో పోయాడు. ఆ మాట విన్న మూడో మనిషి లేడు.

గౌస్ ఊరొచ్చాక మాబూబీ గడప తొక్కలేదు. చావు కబురు కూడా వేరేవాళ్ళతో చెప్పించాడు. "ఇద్దరం" అనాల్సిన చోట "నేను" అంటుంటే మొదట్లో మాట తడబడేది. తర్వాత అలవాటైపోయింది.

ఒకనాటి సాయంత్రం బుడే ఊరుకోలేక అన్నాడు — "ఏరా గౌసూ, అంత చూసొచ్చినోడివి... ఆ మిల్లు షెడ్డులోకి ఒకసారి పోయి రారాదూ?"

అందరూ అతనివైపే చూస్తున్నారు. వెళ్ళకపోతే ఐస్‌లాండు కబుర్లూ కోతలే అంటారు. వెళ్ళాడు.

చీకటి పడింది. అటూ ఇటూ పత్తి ఏరేసిన చేలు. తువ్వాలు తలమీదికి లాక్కున్నాడు... ఆనాడు ఓడలో దుప్పటి లాక్కున్నట్టే. షెడ్డు దగ్గరికొచ్చేసరికి — ఆవిరి. తెల్లగా, మనిషెత్తున. లోపల్నుంచి గుసగుస...

"బిస్మిల్లా... తప్పుకోండి నాయనా, తప్పుకోండి. వేణ్ణీళ్ళు."

నేల బుస్సుమంది. గౌస్ మొండిగోడ పట్టుకుని నిలబడిపోయాడు.

ఆవిరి మెల్లగా విడిపోయింది. పొయ్యి మీద గంగాళం, పక్కన రంగు ఓడుతున్న నూలు చిలపలు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మాబూబీ.

"నేనే గౌసూ. పగలు మిరపకాయల కోతకి పోతా, పొద్దుగూకాక చీరాల నేతగాళ్ళకి నూలుకి రంగేస్తా. దెయ్యమని ఇటు ఎవరూ రారు. పొమ్మనేవాళ్ళూ లేరు" అంది.

ప్రాణం కుదుటపడి నవ్వబోయాడు. ఆమె ముఖం చూశాక నవ్వు రాలేదు. ఏదో ఒకటి అనాలని, "నీళ్ళు పారబోస్తూ ఎవర్ని తప్పుకోమంటున్నావు పెద్దమ్మా?" అన్నాడు.

"కంటికి కనపడనోళ్ళు ఉంటారు గదా, ఒళ్ళు కాలదూ? నువ్వు చెప్పే ఆ దేశంలోనూ అంతేనంట. రాళ్ళలో కాపురముంటారని రోడ్డు కూడా పక్కకి తిప్పి వేస్తారంట."

గౌస్ గుండె జల్లుమంది. ఆ సంగతి అతను టీ కొట్టు దగ్గర ఏనాడూ ఎత్తలేదు. దెయ్యాలంటే నవ్వేవాడు ఎలా ఎత్తుతాడు? ఆదాం చెప్పినవాటిలో అదొక్కటే దాచేశాడు.

"నీకు... ఎవరు చెప్పారు?"

మాబూబీ పొయ్యి ఎగదోసింది. గొంతులో కోపం లేదు. అతను భరించలేకపోయింది అదే.

"ఇద్దరం చూశామని చెబుదామన్నాడంట గదా. మరి రెండోవాడి పేరు ఎక్కడా రానియ్యవేం నాయనా?"

సిగ్గుతో చితికిపోయాడు. ఉన్నచోటే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. "తప్పయిపోయింది పెద్దమ్మా... రేపే బుడే కొట్టు ముందు, అందరి ఎదటా..."

ఆమె వినిపించుకోలేదు. కొంగుతో ఓ పీట తుడిచి అతనివైపు జరిపింది. దానికెదురుగా అప్పటికే ఇంకో పీట వేసి ఉంది — ఖాళీగా.

"కూర్చో. వాడొచ్చే వేళయింది. ఆ మాటేదో వాడికే చెప్పు."